రంపం ఆగే వేళ

తువ్వాలును బకెట్టులో ముంచి, పిండి, ముక్కు మీదుగా రెండు చుట్లు చుట్టి వెనక ముడి వేసుకున్నాడు కరుణాకరం. పొద్దున ఎనిమిది కూడా కాలేదు. బకెట్టులో నీళ్లు అప్పుడే బూడిదరంగుకు తిరిగాయి. రాయిని బల్ల మీదికి ఎత్తి, ఇనప పట్టీకి ఆనించి, రెండు అరచేతులతో ముందుకు తోశాడు. రంపం చక్రం రాయిలోకి దిగింది. ఆ మోత పళ్ల మూలాల దాకా పాకింది. దుమ్ము లేచి మొహాన్ని కప్పింది.

చక్రం మీద నీళ్లు పడాలి. దానికి గొట్టం ఉంది, కుళాయి ఉంది. నీళ్లు పడితే దుమ్ము బురదగా మారి కిందికి జారుతుంది. కానీ తడిసిన రాయి ఆరడానికి ఒక పూట పడుతుంది. ట్యాంకరుతో తోలించే నీళ్లు రాళ్లకు పోయడం ఏమిటని షెడ్డు యజమాని వెంకటకృష్ణ మూడేళ్ల కిందట కుళాయి పిడి ఊడదీయించాడు. పిడి లేని కుళాయి ఇంకా అక్కడే ఉంది. దాని మీద కూడా దుమ్మే.

మార్కాపురం నుంచి తర్లుపాడు వెళ్లే దారిలో ఉన్న రేకుల షెడ్డు అది. ఒకప్పుడు బడిపిల్లల పలకలు మాత్రమే చేసేవాళ్లు. ఇప్పుడు పలకలు తక్కువ, గోడలకు అంటించే రాళ్లు ఎక్కువ. పద్నాలుగు మంది ఆడవాళ్లు నేల మీద వరసగా కూర్చుని ఉలీ సుత్తీ పట్టి రాతిని పొరలు పొరలుగా చీలుస్తారు. చీల్చినదాన్ని కొలతకు కోసేది కరుణాకరం ఒక్కడే. యాభై ఎనిమిదేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే బల్ల ముందు నిలబడి ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి జారింది. వేలి కొసల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషను మీద వేలు పెడితే అది అతన్ని మనిషిగా ఒప్పుకోదు.

రంపం ఆపి ఉమ్మడానికి బయటికి వెళ్లాడు. ఉమ్మి బూడిదరంగులో, చిక్కగా, పలకకు పూసే రంగులాగా పడింది. దానిమీద కాలితో మట్టి తోశాడు. ఎవరూ చూడకూడదు. అతనికి ముందు ఈ బల్ల దగ్గర పని చేసినవాడు ఛాతీ నొప్పని మేనేజరుతో చెప్పుకున్నాడు. మర్నాటి నుంచి రావద్దన్నారు. కరుణాకరం కిందటేడు బజారులో డాక్టరుకు చూపించుకున్నాడు. ఆయన ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, దుమ్ములో పని మానుకో అన్నాడు. ఇంకేం పని చేయాలో చెప్పలేదు. ఫిల్ము మడత పెట్టకూడదని తెలియక, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వచ్చాడు.

అతన్ని ఇంతకాలం బతికించింది డాక్టరు కాదు, మందు కాదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు వచ్చే సీరియలు.

ఆ సీరియలు పేరు ‘సిరిగల గడప’. పన్నెండేళ్లుగా నడుస్తోంది. అది మొదలైన కొత్తలో ఆడవాళ్లు పగటిపూట ఇళ్లకు పోయి, అన్నం తిని, దాన్ని చూసి, మూడింటికి గాని తిరిగి వచ్చేవాళ్లు కాదు. అప్పటి యజమాని, వెంకటకృష్ణ తండ్రి, తిట్టి చూశాడు. చివరికి ఒక పాత టీవీ తెచ్చి షెడ్డు గోడకు బిగించాడు. సద్దులు ఇక్కడికే తెచ్చుకోండి, అరగంటలో తింటూ చూసి లేవండి అన్నాడు. రంపం తిరుగుతుంటే మాటలు వినబడవు గనుక ఆ అరగంటా రంపం ఆపమన్నాడు. అంతే. కోతవాడి ఊపిరి గురించి ఎవరూ ఆలోచించలేదు. అది దానంతట అది దొరికింది.

ఆడవాళ్లు టీవీ కింద చేరగానే అతను షెడ్డు వెనక కానుగ చెట్టు కిందికి పోతాడు. పగిలిన రాళ్ల గుట్ట మీద గోనెసంచి పరిచి ఒరుగుతాడు. మొదటి పది నిమిషాలు దగ్గు. తర్వాతి పది నిమిషాలకు ఛాతీలో బిగిసినదేదో వదులవుతుంది. చివరి పది నిమిషాలు మామూలు మనిషిలా గాలి పీలుస్తాడు. దాంతో సాయంత్రం దాకా నెట్టుకొస్తాడు. పోయిన దసరాకు టీవీవాళ్లు అయిదు రోజులు సీరియలు ఆపి ఆటపాటలు వేశారు. రంపం ఆగలేదు. నాలుగో రోజు బల్ల పక్కనే కూలబడ్డాడు. ఎండదెబ్బ అని చెప్పి తప్పించుకున్నాడు.

అయినా ఆ సీరియలంటే అతనికి అసహ్యం. మామూలు అసహ్యం కాదు, అన్నంలో వెంట్రుక వచ్చినప్పటి అసహ్యం. అందులో మధురిమ అనే కోడలు పట్టుచీర కట్టుకుని నిద్రపోతుంది, పట్టుచీరతోనే లేస్తుంది. ఎవరైనా తలుపు తీస్తే ఒక్కొక్కరి మొహం మూడేసి సార్లు చూపిస్తారు. ఆ మధురిమ పన్నెండేళ్లలో రెండుసార్లు చచ్చిపోయి రెండుసార్లూ తిరిగి వచ్చింది. మొదటిసారి లోయలో పడింది, రెండోసారి నిప్పుల్లో కాలింది. రెండోసారి చచ్చినరోజు ఈ పద్నాలుగు మందిలో ఒక్కరూ సద్ది మూత తీయలేదు. అతని భార్య భాగ్యమ్మ కూడా ఈ వరసలోనే కూర్చుని రాయి చీల్చేది. ఏడేళ్ల కిందట ఇదే దగ్గుతో పోయింది. ఒక్కసారే పోయింది. ఆమెను పాతిపెట్టిన మర్నాడు ఒంటిగంటన్నరకు అందరూ టీవీ కింద కూర్చుని గోంగూర పచ్చడి పంచుకు తిన్నారు. కరుణాకరం అది చూశాడు. మరిచిపోలేదు.

ఇప్పుడు ఆ సీరియలు ఆపేస్తారట. చూసేవాళ్లు తగ్గారట. సోమవారం నుంచీ తెర కింద ఒక నంబరు పరుగెడుతోంది. సీరియలు ఇంకా నడవాలనుకునేవాళ్లు శనివారం మధ్యాహ్నం ఒంటిగంట లోపల ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక ఫోనుకు ఒక లెక్క. ఇవాళ శనివారం.

సీరియలు ఆగితే టీవీ తీసేస్తామని మేనేజరు నాగరాజు ముందే చెప్పాడు. టీవీ లేకపోతే అరగంట లేదు. అది ఆడవాళ్లకు కష్టం. తనకు ఏమిటో కరుణాకరానికి ఒక్కడికే తెలుసు.

షెడ్డులో ఈ అయిదు రోజులూ ఎన్నికల కన్నా ఎక్కువ హడావిడి. వరసలో అందరికన్నా చిన్నది రాధాకుమారి. ఆమె ఆ నంబరును ఒక విరిగిన పలక మీద సుద్దతో రాసి టీవీ పక్కన మేకుకు తగిలించింది. అందరికన్నా పెద్దది పుల్లమ్మ. ఆమె చెన్నకేశవస్వామికి నూటొక్క టెంకాయ మొక్కుకుంది. రాధాకుమారి ఊరుకుంటుందా, మొన్న బుధవారం రాత్రి చర్చి కూటంలో ప్రార్థన మనవుల డబ్బాలో చీటీ వేసింది. పాస్టరు స్టీఫెన్ చీటీలు ఒక్కొక్కటే చదివాడు. ఫలానా సహోదరికి గర్భసంచి ఆపరేషను. ఫలానావారి బిడ్డకు మూర్ఛ. తర్వాత చీటీ చదివి ఒక్క క్షణం ఆగి, ‘ఒక సహోదరి ఇష్టపడే కార్యక్రమం ఆగిపోకుండా’ అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న కరుణాకరం దగ్గును గొంతులోనే నొక్కిపెట్టుకున్నాడు. అతను ఏ రోజూ ఆ డబ్బాలో చీటీ వేయలేదు.

పదిన్నరకు టీ వచ్చింది. రాధాకుమారి గ్లాసు తెచ్చి ఇచ్చింది.

“మామా, ఇయ్యాల్టితో ఆఖరు. నీ ఫోన్ ఒక్కటే మిగిలింది. మా బజారంతా ఇచ్చినారు. మా ఆడబిడ్డ గిద్దలూరు నుంచి ఇచ్చింది.”

“ఆ దరిద్రానికి నా ఫోన్ ఎందుకు?”

“నీ సొమ్మేం పోతాది? నొక్కి కట్ చేయడమే గదా.”

“చచ్చినదాన్ని రెండుమార్లు లేపినారు. మూడోమారు వాళ్లే లేపుకుంటార్లే, పో.”

పుల్లమ్మ కూర్చున్నచోటి నుంచే అందుకుంది. “వాడిని అడగొద్దులే రాధా. ఆనాడు భాగ్యం చూస్తాంటే టీవీ కట్టేసిన మనిషి వాడు. రాయి కోసి కోసి వాడూ రాయే అయినాడు.”

అందరూ నవ్వారు. అతను గ్లాసు పట్టుకుని వెనక్కి పోయాడు. పోయేటప్పుడు పలక మీది నంబరును ఒకసారి చూశాడు. కొలతలు గుర్తుపెట్టుకునే మనిషి. పది అంకెలు ఒక చూపు పని.

కానుగ చెట్టు కింద నిలబడి అటూ ఇటూ చూశాడు. కల్లు తాగడానికి పోయే పాస్టరులాగా ఉన్నానని తన మీద తనకే రోత పుట్టింది. కంభంలో ఉన్న కూతురు ప్రశాంతి కొనిచ్చిన బటన్ల ఫోను అది. ఒక్కో అంకె నొక్కి చెవికి పెట్టుకున్నాడు. ఒకసారి మోగింది. ఎర్ర బటన్ నొక్కాడు. బటన్ల సందుల్లో రాతిదుమ్ము గడ్డకట్టి ఉంది. అది దిగలేదు. మళ్లీ నొక్కాడు. రెండుసార్లు మోగింది, మూడుసార్లు మోగింది. ఎవరో ఎత్తి మాట్లాడుతారేమో, ఎవరు మీరని అడుగుతారేమో అని భయపడ్డాడు. నాలుగోసారి మోగి, దానంతట అదే ఆగిపోయింది. వెంటనే ఫోను గొణిగింది. తెర మీద మెసేజి. అయిదో తరగతి చదువుతో కూడబలుక్కున్నాడు. ‘కృతజ్ఞతలు. మీ మద్దతు నమోదైంది.’

గ్లాసు తిరిగి ఇస్తూ, మొహం పక్కకు పెట్టి అడిగాడు.

“మీరందరూ ఫోన్ చేసినారు గదా. మెసేజి ఏమన్నా వచ్చిందా?”

“మెసేజి ఏంది?” అంది పుల్లమ్మ.

“మిస్డ్ కాల్ ఇస్తే మెసేజి యాడ నుంచి వస్తాది మామా?” అంది రాధాకుమారి. “ఎందుకు?”

“ఊరికే.”

రంపం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. విషయం అర్థమైంది. ఈ ఊళ్లో మిస్డ్ కాల్ అంటే ఒకటే. అవతల ఒక్క మోత వినబడీ వినబడకముందే కట్ చేయాలి. చేలో ఉన్న మొగుడికి అన్నం వండానని చెప్పడానికి ఒక మోత. ఆటో పంపమనడానికి అలాంటివే రెండు. అవతలివాడు ఎత్తితే డబ్బు పోతుందన్న భయంతో ఇరవై ఏళ్లుగా నేర్చుకున్న విద్య. పద్నాలుగు మందీ, వాళ్ల బజార్లూ, గిద్దలూరు ఆడబిడ్డా, అందరూ ఆ విద్యే చూపించి ఉంటారు. అయిదు రోజులుగా వాళ్లు చేసిన ఒక్క ఫోనూ అక్కడికి చేరలేదు.

చెప్పాలంటే తానూ ఫోను చేశానని ఒప్పుకోవాలి.

ఒక రాయి కోశాడు. రెండో రాయి కోశాడు. పన్నెండేళ్లు ఆ టీవీని బూతులు తిట్టిన నోరు. భాగ్యమ్మకు బాగా జబ్బు చేసిన రోజుల్లో, ‘ఈ ఒక్కటి చూడనీయవయ్యా’ అని ఆమె అడిగితే, ఇంట్లో టీవీ వైరు పీకేసిన చెయ్యి. ఇప్పుడు అదే చెయ్యి. మూడో రాయి వంకరగా కోశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో వంకర కోత అరుదు. దాన్ని గుట్టలోకి విసిరి, రంపం ఆపి, ఆడవాళ్ల వరస దగ్గరికి నడిచాడు. గోడ గడియారం పదకొండూ ముప్పావు చూపిస్తోంది.

“అట్ల కట్ చేస్తే వాళ్లకు పోదు. మోగనియ్యాల. దానంతట అదే ఆగిపోయిందాంక పట్టుకోవాల. అప్పుడు మెసేజి వస్తాది.”

ఉలులు ఆగాయి. ముందుగా పుల్లమ్మకు అందింది.

“నీకెట్ల తెలుసురా?”

అతని చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది.

“ఓయమ్మో, వీడు చేసినాడే! కరుణాకరం చేసినాడే!”

“మామా, మధురిమ కోసమా, అత్తగారి కోసమా?” రాధాకుమారి కడుపు పట్టుకుని నవ్వింది.

“దొంగముండాకొడుకు, చాటుగా చూస్తాండాడు మన సీరియలు. చెట్టు కింద పండుకోని చెవులు ఈడనే పెట్టినాడు” అంది పుల్లమ్మ.

నవ్వనిచ్చాడు. చెవులు మండుతున్నాయి. “టైం ఒంటిగంటే. నవ్వుకోని చేస్తారో, చేసి నవ్వుకుంటారో మీ ఇష్టం.”

అప్పుడు ఫోన్లు తీశారు. పద్నాలుగు మందీ చేతులు చాపి, పామును పట్టుకున్నట్టు ఫోన్లను దూరంగా పట్టుకున్నారు. మోత వింటూ ఆపకుండా ఉండడం వాళ్ల చేత కాలేదు. “ఎత్తితే బాలెన్సు పోతాది!” అని ఒకామె రెండుసార్లు కట్ చేసింది. రాధాకుమారి ఆమె వేళ్లు పట్టుకుని ఆపింది. మెసేజి మొదటిది వచ్చింది, తర్వాత వరసగా. బజారుకు ఫోను చేసి చెప్పారు. గిద్దలూరుకు ఫోను చేసి చెప్పారు. నాగరాజు ఆఫీసు గదిలోంచి వచ్చి, “ఏంది, పెండ్లా ఏంది ఈడ? మిషన్ ఎందుకు ఆగింది?” అని అరిచాడు. కరుణాకరం వెళ్లి స్విచ్చి వేశాడు.

ఒంటిగంటన్నరకు రంపం ఆగింది. ఆరోజు అతను చెట్టు కిందికి పోలేదు. ఫలితం ఇవాళే, సీరియలు అయిపోయాక చెబుతారన్నారు. తువ్వాలు మెడకు జార్చుకుని, తలుపు దగ్గర పలకల చెక్క చట్రాల కట్ట మీద కూర్చున్నాడు. చీల్చిన రాళ్ల దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. టీవీలో అత్తగారు ఒక ఉత్తరం చేత్తో పట్టుకుని నిలబడింది. ఉరుము. మధురిమ మొహం. ఉరుము. మామగారి మొహం. ఆ ఉత్తరం తెరవకుండానే ఇరవై నిమిషాలు గడిచాయి. మధ్యలో సబ్బులు, నగలు. పుల్లమ్మ ముద్ద నోటి దగ్గర ఆపి చూస్తోంది. పన్నెండేళ్లుగా వీళ్ల అన్నంలో కలిసింది ఇదా అనుకున్నాడు. భాగ్యమ్మ అడిగింది దీన్నా. ఛాతీ బిగిసింది. లేచి బయటికి పోదామనుకుని, పోలేదు.

రెండు గంటలకు ఒక అమ్మాయి తెర మీదికి వచ్చి చేతులు జోడించింది. “మీ ప్రేమే గెలిచింది. ‘సిరిగల గడప’ ఆగడం లేదు. సోమవారం నుంచి, మీ కోసం సరికొత్త సమయంలో, సాయంత్రం ఆరున్నర గంటలకు!”

షెడ్డు పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు కొట్టారు. రాధాకుమారి స్తోత్రం అంది. పుల్లమ్మ తడి చేత్తోనే లెంపలు వేసుకుంది.

ఆరున్నర అన్న మాట కరుణాకరం ఒక్కడి చెవినే పడినట్టుంది.

నాగరాజు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. “మంచిదైంది. ఇంక ఇంటికాడ చల్లగా కూర్చోని చూడొచ్చు. సోమవారం నుంచి టీవీ ఆఫీసులోకి పోతాది. అన్నం ఇద్దరిద్దరు వంతులేసుకోని తినండి. మిషన్ ఆపే పని లేదు.”

కాస్త గొణుగుడు లేచింది. పుల్లమ్మ తేల్చేసింది. “సరేలే నాగరాజూ. అన్నం యాడ తిన్నా అన్నమే. సాయంత్రం మాత్రం అయిదున్నరకు వదిలిపెట్టాల. ఇంటికి పోయి మొహం కడుక్కోవద్దా?”

“అయిదున్నర. సార్‌తో నేను చెప్తాలే.”

బేరం కుదిరింది. అరగంట అమ్మేశారు. అది ఎవరిదో అడగలేదు. వాళ్లకు తెలియదు, అతను చెప్పలేదు. చెప్పని మనిషి మీద జాలిపడేందుకు ఎవరికీ తీరిక ఉండదు. రాధాకుమారి సద్ది గిన్నె కడిగి వస్తూ అతని ముందు ఆగింది.

“అంతా నీ పుణ్యమే మామా. నువ్వు చెప్పకుంటే పోయేదే.”

“ఊఁ” అన్నాడు.

తువ్వాలు తడిపి కట్టుకున్నాడు. స్విచ్చి వేశాడు. రాయి, పట్టీ, అరచేతులు, మోత. రెండున్నర అయింది. మూడయింది. లోపలికి పోయే గాలి సగందాకా పోయి వెనక్కి వస్తోంది. మూడూ పది దాటాక, రాయి సగం దాకా పోయినప్పుడు, అతని చేతులు తోయడం మానేశాయి. చక్రం రాతిలోనే ఊరికే తిరిగింది. కాసేపు దాన్ని చూశాడు. స్విచ్చి కట్టేశాడు.

రంపం ఆగేసరికి ఆడవాళ్లు తలలెత్తారు. “కరెంటు పోయిందా?” అన్నారు ఎవరో. పైన ఫ్యాను తిరుగుతోంది. పోలేదు. మళ్లీ తలలు దించుకున్నారు. అతను తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, గేటు దాటి, ఎండలో తర్లుపాడు దారి మీదికి నడిచాడు. వెనక్కి చూడలేదు. వెనక నుంచీ ఎవరూ పిలవలేదు.

ఆదివారం కూటానికి రాలేదు. రాధాకుమారి కృతజ్ఞత చీటీ వేసింది. పాస్టరు చదివాడు. సోమవారం పనికి రాలేదు. నాగరాజు ఫోను చేశాడు. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. మంగళవారం తెల్లవారుజామున కరుణాకరం చనిపోయాడు. అప్పటికి కంభం నుంచి కూతురు వచ్చి పక్కనే ఉంది. తాగడానికి నీళ్లు అడిగాడు. ఆమె తెచ్చేలోపల అయిపోయింది.

సాయంత్రం నాలుగింటికి ఎత్తారు. షెడ్డు ఆడవాళ్లు పద్నాలుగు మందీ వచ్చారు. పుల్లమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. నటన కాదు, నిజంగానే ఏడ్చింది. పాస్టరు స్టీఫెన్ వాక్యం కొంచెం పొడుగు చేశాడు. అయిదున్నరకు ఒకామె తన ఫోనులో టైము చూసుకుంది. ఆరింటికి మట్టి పూడ్చారు. ఆరూ ఇరవైకల్లా సమాధుల దొడ్డి ఖాళీ అయింది. మట్టి మీద పూలు సర్దడానికి ఆగిన కూతురు ఒక్కతే మిగిలింది.

గురువారం నాడు పొదిలి నుంచి కొత్త కోతవాణ్ణి తెచ్చారు. ఇరవై ఆరేళ్లు ఉంటాయి, ఛాతీ ఇంత ఉంది. కొలత పట్టీ సరిచూసుకుని, బల్ల మీద ఉన్న రాయిని వెనక్కి లాగాడు. సగం దాకా తెగి ఉంది. ఆ సగం కోత తిన్నగా, వెంట్రుక తేడా లేకుండా ఉంది. అటు చిన్న కొలతకు పనికిరాదు, ఇటు పెద్ద కొలతకు పనికిరాదు. ఏం చేయాలని నాగరాజును అడిగాడు. పక్కన పెట్టమన్నాడు నాగరాజు. గోడకు ఆనించి పెట్టి రంపం వేశాడు.

సాయంత్రానికి ఆ రాయి మీద దుమ్ము పడింది. నడుమ ఉన్న సన్నని కోతలోకి మాత్రం ఇంకా వెలుతురు పోతూనే ఉంది.